బండ మీది మీసాలోడు

మా అపార్ట్‌మెంటు కాపలాదారు తాళాల గుత్తిని తాడుకు కట్టి గిరగిరా తిప్పుతూ కూర్చుంటాడు. ఆ తాడు గాలిని కోసే బుయ్యిమనే చప్పుడు వినపడగానే నా తల దానంతట అదే వంగిపోతుంది. మొన్న లిఫ్టు ముందు అలా వంగితే, ఎదురుగా ఉన్న పెద్దాయన తనకే నమస్కరించాననుకుని ఆశీర్వదించాడు. "అది మీకు కాదండీ" అని నిజం చెప్పాను. ఆయనకు కాస్త చెవుడు. ఇంకోసారి ఆశీర్వదించాడు. నిజానికి ఆ వంగడం రాజవ్వకు చెందాలి.

రాజవ్వ జనగామలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు. కింద వాళ్ళ కిరాణా దుకాణం, పైన నా గది. నేను అప్పుడు కాలేజీలో కామర్సు చెప్పేవాణ్ణి. కింద దుకాణం నడిచే తీరుకూ పైన నేను చెప్పే పాఠానికీ పోలిక ఉండేది కాదు కానీ, ఒకరి జోలికి ఒకరం పోయేవాళ్ళం కాదు. రాజవ్వ డెబ్బై దాటిన మనిషి. గడప పక్కన పీట మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ వచ్చేపోయేవాళ్ళందరినీ పలకరించేది. దుకాణం చూసుకునేది కొడుకు శంకరన్న. మంచివాడు. తల్లి అడిగినవన్నీ చేసేవాడు, ఒక్క నమ్మడం తప్ప.

నమ్మవలసిన సంగతి ఇది. రాజవ్వ పుట్టినూరు భూపాలపల్లి అవతల, అడవి అంచున. రజాకార్ల కాలంలో ఊరు ఊరంతా అడవిలో తలదాచుకుంది. అక్కడ దళంవాళ్ళు ఆడపిల్లలకు వడిసెల తిప్పడం నేర్పించారు. వడిసెల అంటే రాయి పెట్టి గిరగిరా తిప్పి వదిలే తాడు. మామూలు రోజుల్లో జొన్నచేల మీద పిట్టలను తోలడానికి వాడేవాళ్ళు. సేద్యం చేసేవాళ్ళ పిల్లలకు అది పుట్టుకతో వచ్చిన విద్య. దుకాణంవాళ్ళ పిల్ల రాజవ్వకు కొత్త. గురి కోసం ఎవరో రాతిపనివాడు బండ మీద మీసాల సిపాయి ముఖం చెక్కాడట. ముక్కు మీద కొట్టినవాళ్ళకు బెల్లం ముక్క.

"బెల్లం మా దుకాణంలదే, సారూ. మా బెల్లం నేను తినాలన్నా గురి జూసి కొట్టాలె. గింత అన్యాయం యాడన్న ఉన్నదా?" అనేది రాజవ్వ.

"ఎలుకను సూస్తే పీట ఎక్కుతది మా అమ్మ. గీమె సిపాయిల మీదికి యుద్ధం నేర్సుకున్నదట!" అనేవాడు శంకరన్న. మనవరాళ్ళు పడీ పడీ నవ్వేవారు. రాజవ్వా నవ్వేది. కాకపోతే అందరికంటే ముందు ఆమె నవ్వు ఆగిపోయేది.

అంతలో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. కాలేజీ మూతపడింది, బస్సులు ఆగిపోయాయి, ఏ పనీ చేయకుండా ఉద్యమానికి ఉపయోగపడే భాగ్యం నాకు తొలిసారి కలిగింది. ఒకరోజు సమ్మె శిబిరం నుంచి వస్తుంటే రాజవ్వ గడప దగ్గర ఆపింది.

"అందరు సమ్మె జేస్తున్నరు. నా మోకాళ్ళు గూడ నోటీసు ఇచ్చినయి, సారూ. అవి బందు వెట్టకముందే గా బండ కాడికి తీస్కపోర్రి. మావోడు నవ్వితే నవ్వనియ్యి. దాని ముంగట నిలవడి నవ్వాలె."

సరుకు రాక దుకాణం ఎలాగూ బోసిపోయి ఉంది. శంకరన్న కాదనలేదు. వాళ్ళ ట్రాలీ ఆటోలో తెల్లవారకముందే బయలుదేరాం. అవ్వ ముందు సీట్లో, కొడుకు పక్కన. నేను వెనకాల, ఉల్లిగడ్డ బస్తాలు వేసే చోట. దారిలో ఒకచోట రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. యువకులు చుట్టుముట్టారు.

"బందని ఎరుక లేదా అవ్వా? యాడికి?"

"యుద్ధం నేర్సుకున్న కాడికి వోతున్న బిడ్డా."

వాళ్ళు ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత జై కొట్టి, విస్తరాకుల్లో కిచిడీ పెట్టిగానీ వదల్లేదు. శంకరన్న తిని, ఉప్పు తక్కువైందన్నాడు. "అడగకుండ నమ్మిన పిలగాండ్ల అన్నంరా. మూసుకొని తిను" అంది తల్లి.

అవ్వ పుట్టినూరు దాటి అడవిలోకి నడక మొదలుపెట్టాక, బండను ముందుగా నేనే కనిపెట్టాలన్న పట్టుదల నాలో పుట్టింది. బండ దొరకలేదు కానీ చెట్ల మధ్య పొడుగాటి కందకం ఒకటి దొరికింది. లోపల నాచు, అంచుల మీద ఎత్తుగా గడ్డి. కామర్సు నుంచి చరిత్రకు మారడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఇక్కడే పొంచి ఉండేవారనీ, ఈ మట్టి ఎన్ని అడుగుల చప్పుడు విన్నదోననీ మొదలుపెట్టాను. ఉపన్యాసం బాగానే కుదిరింది. శంకరన్న చెప్పులు విడిచాడు.

"నిజమేనే అమ్మా. నేనే ఇన్నొద్దులు ఉత్తగ నవ్విన."

ఆ మాట కోసం ఆమె ఎన్నేళ్ళు కాచుకుందో నాకు తెలుసు. ఊఁ అంటే చాలు. రాజవ్వ కందకాన్ని చూసింది. కొడుకును చూసింది.

"చెప్పులు తొడుక్కోరా. ముండ్లున్నయి," అంది. "మేం గుంతలు తవ్వలేదు. కొత్తమట్టి కనవడితే పోలీసులొస్తరని తవ్వనియ్యలేదు. గిది నీళ్ళు నిలవనీకె తవ్విండ్రు." చేతికర్రతో గడ్డిని పక్కకు జరిపింది. అటవీశాఖవాళ్ళ నంబరు వేసిన సిమెంటు దిమ్మె బయటపడింది. నేను ప్రసంగాన్ని అక్కడితో ముగించాను.

శంకరన్నకు కోపమొచ్చింది. "ఊకుంటే అయిపోతుండె గదనే! నమ్మిన గద!"

"నువ్వు గుంతను నమ్మినవ్. నన్ను గాదు. నడువుర్రి."

ఇంకొంత దూరం పోయాక ఆమె మోకాళ్ళు మొరాయించాయి. చెట్టు కింద కూలబడి, చేత్తో ఎండుటాకులు కెలకడం మొదలుపెట్టింది. ఆకుల కింద నున్నటి గులకరాళ్ళు. దోసిళ్ళకొద్దీ.

"వాగు యాడనో కింద ఉన్నది. గీ రాళ్ళు నడిచొచ్చినయా?" అంటూ ఆమె నవ్వడం మొదలుపెట్టింది. "కొంగుల మూటగట్టి మోసినం. భుజాలు ఊసిపోయినయి."

తలెత్తి చూశాం. ఎదురుగా తీగలు కప్పేసిన బండ. శంకరన్న రెండు చేతులా తీగలు పీకాడు. ముందు ఒక మీసం బయటికొచ్చింది. తర్వాత రెండోది. తర్వాత కళ్ళు. ముక్కు మాత్రం లేదు. ఆ చోట బండ పెచ్చులూడి ఉంది. బెల్లం బాగానే ఖర్చయినట్టుంది.

శంకరన్న ఆ మీసాల మీద చెయ్యి వేసి తడిమాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి తల్లి చేతికిచ్చాడు. ఆమె దాన్ని మడిచి, రాయి పెట్టి, లేచి నిలబడి తిప్పింది. బుయ్యిమంది. మొదటి రాయి వెనక్కి వచ్చింది. వెనక నేనున్నాను. ఆ రోజు అలవాటైన వంగడం ఇంకా పోలేదు. రెండోది ఆమె కాళ్ళ దగ్గరే పడింది. మూడోది టంగుమని సరిగ్గా మీసానికి తగిలింది.

"కొట్టే అమ్మా, ఇంకోటి కొట్టు!" తెల్లజుట్టు మొదలైన మనిషి చొక్కా కొసలో రాళ్ళు ఏరుకొచ్చి ఒక్కొక్కటే అందిస్తున్నాడు. అడవంతా వాళ్ళిద్దరి నవ్వే.

తర్వాత జనగామలో ఆ కథ చెప్పే బాధ్యత శంకరన్న తీసుకున్నాడు. ఉప్పు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా విని పోవలసిందే. ఆయన చెప్పగా చెప్పగా తల్లి చేతికి తుపాకీ వచ్చింది, కిందికి గుర్రం వచ్చింది. "తుపాకి లేదురా, గుర్రం అసలే లేదు," అని పీట మీద నుంచి ఆమె దిద్దుతూనే ఉండేది.

రాష్ట్రం వచ్చింది. ఆమె దాన్ని కళ్ళారా చూసి, కొన్నాళ్ళకు నిద్రలోనే వెళ్ళిపోయింది. నాకు వడిసెల రాలేదు. కానీ తరగతిలో అప్పుడప్పుడూ నేను తప్పు చెబుతాను. పిల్లలు మర్యాదగా తలలూపుతారు. ఊరుకుంటే గంట మోగిపోతుంది, ఎవరికీ తెలియదు. అప్పుడే నాకు చెట్ల మధ్య నిలబడి కొడుకు వైపు చూసిన రాజవ్వ గుర్తొస్తుంది. "ఇది కాదు, ఇంకా ముందుకు పోవాలి" అంటాను. పిల్లలు నిట్టూరుస్తారు. నడక కాస్త ఎక్కువవుతుంది, అంతే.