ఫోటో కోసం భుజానికెత్తిన రైఫిల్

అప్పుడు మా పాపకి ఎనిమిది నెలలు. అమెరికాలోని మోరిస్‌విల్‌లో మా పక్కింటి రిటైర్డ్ డాక్టర్ అంకుల్ తను జింకల వేటకు కూర్చునే చోటు చూపిస్తానని మమ్మల్ని తీసుకెళ్లారు. చెట్టుకు ఆనించిన పొడవాటి నిచ్చెన, దాని పైన సీటు.

"పడిపోకుండా బెల్టు కట్టుకుని, ఖాళీ చేతుల్తో ఎక్కాలి. బుల్లెట్లు లేని రైఫిల్‌ని తర్వాత తాడుతో పైకి లాక్కోవాలి," అని చెప్పి, అంకుల్ తన రైఫిల్, బుల్లెట్ల సంచి మావారి చేతికిచ్చి, బెల్టు, తాడు తేవడానికి కారు దగ్గరకు వెళ్లారు.

"ఏవండీ, ఆ రైఫిల్ భుజాన వేసుకుని సగం దాకా ఎక్కండి. ఫ్యామిలీ గ్రూప్‌లో పెడదాం," అన్నాను నేను.

"మీ నాన్న జడుసుకుంటారేమో!" అని నవ్వుతూ ఎక్కారు మావారు. నేను ఫోటో తీశాను. మరుక్షణం తడి మెట్టు మీద ఆయన బూటు జారింది. ఒంటిచేత్తో వేలాడుతున్నారు. రైఫిల్ మోచేతికి జారి, గొట్టం నా వైపు, నా చంకలోని పాప వైపు ఊగుతోంది.

"పాపని తీసుకుని పక్కకి పో!" అని అరిచారు. ఆయన్ని వదిలి ఎలా పోను? అక్కడే నిలబడిపోయాను. కేక మాత్రం పెట్టాను.

అంకుల్ పరుగున వచ్చి, ఆయన పాదాన్ని మెట్టుకు చేర్చి, రైఫిల్ అందుకుని, లోపల ఏమైనా ఉందేమోనని బోల్టు లాగారు. ఒక బుల్లెట్ ఆకుల్లో పడింది.

"పైకెళ్లాక లోడ్ చేయడం కష్టమని నేనే బుల్లెట్ పెట్టానంకుల్..." అన్నారు మావారు.

అంకుల్ నావైపు తిరిగి, "ఫోటో బాగా వచ్చిందా అమ్మా?" అన్నారు.

బాగానే వచ్చింది. ఎవరికీ పంపలేదు, డిలీట్ చేయలేదు. అందులో ఆయన నవ్వు చూసినప్పుడల్లా, ఎక్కమన్నది నేనేనని గుర్తొచ్చి పాపని దగ్గరకు లాక్కుంటాను.