మామయ్య తర్జుమా చేయని మాట

పోయిన ఆదివారం మా నిజామాబాదు చర్చిలో పాస్టరుగారు, ఇకనుంచి బరువులు మోసుకురానక్కర్లేదు, అందరూ ఫోనులోనే బైబిలు తెరవండి అని ప్రకటించారు. అరవై రెండేళ్లు వచ్చినా కొత్తదంటే వెనక్కి తగ్గే మనిషిని కాను కనుక అప్పటికప్పుడే యాప్ వేయించుకున్నాను. తెరవగానే అది ఏ తర్జుమా కావాలని అడిగి, కింద ఒక జాబితా పరిచింది. ఒక్క ఇంగ్లీషులోనే వేలితో తోసినకొద్దీ వస్తూనే ఉన్నాయి. పక్కన చాప మీద కూర్చున్నావిడ తొంగిచూసి, "ఏదో ఒకటి ఒత్తు వదినా, అన్నీ ఒకటే" అంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది. అన్నీ ఒకటే అన్న ఆ చిన్న మాట కోసం బోధన్‌లో మా ఇల్లు కొన్ని నెలలపాటు మాటల్లేకుండా గడిపింది. ఆవిడకు ఆ సంగతి తెలియదు పాపం, కానుకల సంచి వస్తుంటే పర్సు వెతుక్కుంటోంది.

నేను బోధన్‌కు కోడలిగా వెళ్లేనాటికి మామయ్య చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం చేసేవాడు. బండ్లలో, లారీల్లో వచ్చిన చెరకు రసం తీసి అందులో తీపి ఎంతుందో కొలిచి రాయడం ఆయన పని. రైతు బతిమాలినా, ఆఫీసరు కళ్లెర్రజేసినా ఉన్న అంకెను ఉన్నట్టే రాసేవాడు. ఇంట్లోనూ అదే వరస. కొత్త కోడలిని, ముచ్చటపడి పప్పు ఎట్లుంది మామయ్యా అని అడిగితే, "ఉప్పు తక్కువ, చింతపండు ఎక్కువ, మిగితాది మంచిగుంది" అని రిపోర్టు ఇచ్చాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు నేను ఆయన్ను వంట గురించి ఏమీ అడగలేదు.

ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. చిన్నప్పుడు తనను చదివించిన మిషన్ డాక్టరమ్మ ఊరు విడిచి వెళ్తూ నల్లట్ట బైబిలు ఒకటి ఇచ్చింది. వందల ఏళ్ల కిందట ఎవరో రాజుగారు పండితులను కూర్చోబెట్టి చేయించిన తర్జుమా అది, అందుకే మా ఇంట్లో దాని పేరు రాజుగారి బైబిలు. అందులోని ఇంగ్లీషు ఇప్పుడెవరూ మాట్లాడరు. బళ్లో ఇంగ్లీషు చెప్పే నాకే నోరు తిరిగేది కాదు. బోధన్ చర్చికి బయటినుంచి ఇంగ్లీషు ప్రసంగీకులు వస్తే పక్కన మైకు పట్టుకుని తెలుగులో తర్జుమా చేసేది మామయ్యే. ఒకసారి ఒకాయన పన్నెండుమంది శిష్యులను పొరపాటున పదిమంది అన్నాడు. మామయ్య కూడా పదిమంది అనే చెప్పాడు. బయటికి వచ్చాక అందరూ చుట్టుముడితే, "తప్పు ఆయనది. నేను పైపును. అటునుంచి ఏమొస్తే ఇటు గదే పోతది" అన్నాడు.

అత్తమ్మ వేల్పూరు దగ్గర పసుపు చేలల్లో కూలికి పోతూ పెరిగిన మనిషి. బడి ముఖం చూడలేదు. పెళ్లయ్యాక ఫ్యాక్టరీ క్వార్టర్లో మామయ్యే పక్కన కూర్చుని, పలక కొననే కొనకుండా, తెలుగు బైబిలు మొదటి పేజీ నుంచి అక్షరాలు నేర్పాడట. అందుకని ఆమెకు వచ్చిన చదువంతా ఆ ఒక్క పుస్తకమే. బస్సు బోర్డు చదవమంటే తడబడేది కానీ, బైబిల్లో ఎంత కఠినమైన మాటనైనా గడగడా చదివేది. దానికి జాకెట్టు ముక్కతో అట్ట కుట్టింది, పేజీల మూలల్లో ఆమె బొటనవేలి పసుపు మరకలు. దీపాలు పెట్టేవేళ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. మామయ్య గొంతు దించి, నిదానంగా ఒక వచనం ఇంగ్లీషులో చదివేవాడు. అదే వచనం ఆమె తెలుగులో చదివేది. మళ్లీ ఆయన, మళ్లీ ఆమె. ఆ రెండు గొంతులు వింటూనే నేను ఆ ఇంట్లో రొట్టెలు చేయడం నేర్చుకున్నాను.

రిటైరై ఏళ్లు గడిచినా మామయ్య లేచేది, తినేది ఫ్యాక్టరీ సైరన్‌ను బట్టే. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయనకు పొద్దు గడవలేదు. అది చూడలేక మా ఆయన పెద్ద ఫోను కొనిచ్చాడు, అక్కడ మొదలైంది తంటా. ఎక్కడెక్కడి ప్రసంగాలో చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. రాజుగారి తర్జుమా ఒక్కటే స్వచ్ఛమైనదనీ, తర్వాత వచ్చిన ఇంగ్లీషు బైబిళ్లలో వచనాలు కోసేశారనీ, అదంతా ఒక కుట్ర అనీ వాటి సారాంశం. కొలతల మనిషికి, ఏదో తగ్గించారన్న మాట తగలరాని చోట తగిలింది. ముందు నా మీద పడ్డాడు. మా బళ్లో నాకు బహుమతిగా ఇచ్చిన సులువు ఇంగ్లీషు బైబిలు ప్రార్థన గూట్లోంచి మాయమై, పాత పేపర్ల కట్టలో తేలింది. "అండ్ల రసం పిండేసిండ్రు బిడ్డా, పిప్పి మిగిలింది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ వారమంతా చారులో ఉప్పు వేయడం మర్చిపోయాను.

చర్చిలోనూ అదే గోల. ఉన్న నలభై కుటుంబాల్లో ఇంగ్లీషు చదవగలిగినవాళ్లం అయిదుగురం. కానీ ఏ ఇంగ్లీషు బైబిలు సరైనదన్న దాని మీద నలభై కుటుంబాలకూ గట్టి అభిప్రాయాలుండేవి. ఒక ఆటో నడిపే తమ్ముడు రాజుగారి బైబిలు మాత్రమే అని ఆటో వెనక ఇంగ్లీషులో రాయించుకున్నాడు. అది తలకిందులుగా రాసినా అతనికి తెలిసేది కాదు. వాట్సాప్ గ్రూపులో వియ్యంకులు వియ్యంకులతో మాటలు మానేశారు. అక్కడి పాస్టరుగారు కుర్రాయన, సంఘ పెద్ద అయిన మామయ్యకు ఎదురు చెప్పలేక ప్రతిదానికీ ప్రార్థన చేద్దాం అనేవారు.

చివరికి మామయ్య చేయి అత్తమ్మ పుస్తకం మీదికి వెళ్లింది. రాజుగారి ఇంగ్లీషుతో పోల్చి, తెలుగు ఎక్కడ తేడాగా ఉంటే అక్కడ పెన్సిలుతో కొట్టేసి పైన రాయడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఆమె వచనం ఎత్తుకోగానే, "ఆగు, గట్ల లేదు" అనేవాడు. మళ్లీ చదివితే మళ్లీ ఆగమనేవాడు. తనకు అక్షరం నేర్పిన మనిషే తను నేర్చుకున్నదంతా తప్పని అంటుంటే ఆ ముఖం ఎలా ఉంటుందో నేను వంటింటి గడపలోంచి చూశాను. ఒక సాయంత్రం ఆమె పుస్తకం మూసి, "ఇగ నువ్వే సదువుకో" అని లేచిపోయింది. ఆ తర్వాత ఆయన ఒక్కడే చదువుకునేవాడు, ఆమె పెరట్లో అంట్లు తోముతూ కూర్చునేది. ఇద్దరి మధ్యా కబుర్లు నేను మోసేదాన్ని, అన్నానికి రమ్మను, మందులు ఏసుకున్నడో లేదో అడుగు, అని. వాళ్లు మళ్లీ ఎదురెదురుగా కూర్చుంటారన్న ఆశ నాకు పోయింది.

అట్లాంటి రోజుల్లో మామయ్యే పట్టుబట్టి మూడు రోజుల సభలు పెట్టించాడు. దక్షిణాన వేరే రాష్ట్రంలో ఏదో పట్నం నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. చెడ్డవాడని చెప్పలేను, ఎండలో కోటు వేసుకుని చెమటలు కక్కుతూ మూడు రోజులూ ప్రాణం పెట్టి చెప్పాడు. తెలుగు ముక్క రాదు. పక్కన మామయ్య, ఇస్త్రీ తెల్ల చొక్కాలో. మూడో రోజు ఆదివారం పొద్దున ప్రభువు బల్ల ఉంది. బల్ల ఉన్న రోజు అత్తమ్మ రొట్టె ముక్క, ద్రాక్షరసం తీసుకునేదాకా చాయ్ కూడా ముట్టదు. పెళ్లయిన నాటినుంచి ఒక్కసారి తప్పలేదు, కాన్పుకు పుట్టింటికి పోయినప్పుడు తప్ప. ఆ రోజూ ఖాళీ కడుపుతో ఆడవాళ్ల చాపల్లో ముందు వరసలో, పుస్తకం ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను.

ప్రసంగం చివర ఆయన నల్లట్ట బైబిలు పైకెత్తి, దేవుని మాట ఇందులోనే ఉంది, వేరే ఏ తర్జుమాలోనూ లేదు, ఏ భాషలోనిదైనా సరే అన్నాడు. మామయ్య చూపు అత్తమ్మ దాకా వచ్చి వెళ్లింది. తర్వాత ఆ మాటను పొల్లు పోకుండా తెలుగులో చెప్పాడు. మిగతా పుస్తకాలను ఉన్నచోటే కింద పెట్టి వచ్చినవాళ్లే బల్లకు రావాలన్నాడు ప్రసంగీకుడు. మామయ్య అదీ చెప్పాడు. పాస్టరుగారు బల్ల మీది తెల్లగుడ్డ అంచు పట్టుకుని నిలబడిపోయారు. ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒకావిడ తన బైబిలు మెల్లగా చాప మీద పెట్టింది, ఆమెను చూసి ఇంకొకావిడ. అత్తమ్మ రెండు చేతులా పుస్తకాన్ని గుండెకు పట్టుకుంది. ఇక లేచి బయటికి వెళ్లిపోతుంది, మళ్లీ ఈ గడప తొక్కదు, ఆ ఇంట్లో ఆయనతో ఒక ముద్ద తినదు అనుకున్నాను. ఆమె నిజంగానే లేచింది. కొంగు తలమీదికి లాక్కుంది.

"జెర ఆగుండ్రి. అయ్యగారికి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. ఆయన మాట గీ ముసలాయన నోట్ల పడి, తెలుగై నాకాడికొచ్చింది. తెలుగైతే దేవుని మాటనే ఉండదంటిరి. మరి అయ్యగారి మాట ఎట్లున్నది? నేను దేన్ని నమ్మి గీ పుస్తకం కింద పెట్టాలె?"

ప్రసంగీకుడు మామయ్య వైపు తిరిగి, ఏమంటోందామె అని అడిగాడు. అంతకాలం ఒకవైపే పారిన పైపు అది. ఇప్పుడు భార్య మాటను ఇంగ్లీషులోకి పంపాలి. మిగతా నలుగురికీ ఇంగ్లీషు చదవడమే వచ్చు, నీళ్లు కలిపి చెప్పినా అక్కడ విని పట్టుకునేదాన్ని నేనొక్కదాన్నే. నేను ఒక్కో మాటా లెక్కపెడుతూ విన్నాను. మామయ్య ఒక్క మాట వదల్లేదు. గీ ముసలాయన అన్నది కూడా వదల్లేదు, ఈ ముసలివాడి నోటినుంచి అని తనను తానే చూపించుకుంటూ చెప్పాడు. చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఒక్కో మాటనూ విడివిడిగా పలికాడు. నాకైతే ఆయన ఆ ప్రశ్నను అప్పుడే, ఇంగ్లీషులో, మొదటిసారి విన్నాడనిపించింది.

ప్రసంగీకుడి ముఖం ఎర్రబడింది. చదువులేని ఆడమనిషి, నోరు మూసుకుని కూర్చోమని చెప్పండి అన్నాడు. మామయ్య మైకు ఎత్తాడు. మళ్లీ దించాడు. అత్తమ్మ అలాగే నిలబడి ఎదురుచూస్తోంది. "ఏమన్నడు?" అని అడిగింది. ఎన్నో నెలల తర్వాత ఆమె ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అదే.

"ఏమనలే" అన్నాడు మామయ్య. మైకు కుర్చీలో పెట్టి, మెట్టు దిగి చాపల దగ్గరికి వచ్చాడు. "నువ్వు దా. పుస్తకం పట్టుకొనే దా."

నాకు తెలిసి ఆయన జీవితంలో ఆడిన అబద్ధం అదొక్కటే. ఇద్దరూ బల్ల ముందుకు వెళ్లి నిలబడ్డారు. పాస్టరుగారు ఈసారి ప్రార్థన చేద్దాం అనలేదు. రొట్టె విరిచి ముందు అత్తమ్మ చేతిలో పెట్టారు. వెనకనుంచి చాపల మీది పుస్తకాలు ఎత్తుకుంటున్న చప్పుడు వినిపించింది. నేను ఏడ్చాను, అందరి ముందరా, సిగ్గులేకుండా.

అంతటితో అందరూ కలిసిపోయారని చెప్పను. పది పన్నెండు కుటుంబాలు చీలిపోయి వేరే రేకుల షెడ్డులో కూడుకోవడం మొదలుపెట్టాయి, ఇప్పటికీ అక్కడే కూడుకుంటున్నాయి. మామయ్య వాళ్లతో వెళ్లలేదు, అలాగని తన వాదమూ వదల్లేదు. "అసలైన తర్జుమా గదే. గా మాట నేను మార్చలే" అని కన్నుమూసే ముందు వారం కూడా నాతో అన్నాడు. కానీ ఆ ఆదివారం సాయంత్రమే ఇద్దరూ మళ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన పెన్సిలు చేతిలోకి తీసుకోలేదు. పాత గీతలు చెరిపేద్దామని నేను రబ్బరు పట్టుకెళ్తే అత్తమ్మే అడ్డుపడింది, ఆయన రాత ఉండనీ అని. ఆ రోజు ప్రసంగీకుడు అన్న మాటేమిటో ఆయన ఆమెకు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇక్కడ రాసినా భయం లేదు. ఆమె చదివేది ఒక్కటే పుస్తకం.

మామయ్య పోయాక అత్తమ్మ మాతో నిజామాబాదు వచ్చేసింది. ఎనభై దాటాయి. దీపాలవేళ గోడకానుకుని కూర్చుని బైబిలు తెరుస్తుంది, కాసేపు ఊరుకుంటుంది, ఒక వచనం చదువుతుంది, మళ్లీ ఊరుకుంటుంది. మొదట్లో చూపు ఆనక ఆగుతోందనుకున్నాను. కాదు, ఇంగ్లీషు వచనానికి పట్టేంత సేపు ఆగుతోంది. అది తెలిసినరోజు ఉండబట్టలేక నా సులువు ఇంగ్లీషు బైబిలు తెచ్చి ఎదురుగా కూర్చుని మొదటి వచనం చదివాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "గది కాదు బిడ్డా. మీ మామది సదువు."

ఇంగ్లీషు ఒక్క అక్షరం రాని మనిషి, చెవితో పట్టేసింది. నల్లట్ట పుస్తకం తీశాను. ఆ పాత మాటల మీద నా నాలుక తడబడితే, "ఆయన గట్ల అనకపోతుండె" అని దిద్దుతుంది. యాప్ జాబితాలో మొన్న నేను నొక్కింది కూడా దాన్నే. అది అసలైనదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు, తేల్చుకోవాలనీ లేదు. ఆ వాదనకు మా ఇంట్లో చాలా సాయంత్రాలు పోయాయి, ఉన్న కాసిని సాయంత్రాల్లో అత్తమ్మ ఆగిన చోట నేను చదువుతున్నాను.