ఉట్టి మీద తాత

మా చిన్నప్పుడు... ఒక వానాకాలంలో పది రోజులు నాకు అన్నం సరిగ్గా దిగలేదు. కారణం మా అవ్వ ఉట్టి మీద దాచిన ఒక పుస్తకం.

మాది బల్మూర్ అవతల, అడవి మొదలయ్యే చోట ఓ చిన్న చెంచు పెంట. పెంట అంటే మా గూడెమే. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయ్యుంటుంది. ఒక్క గది లైబ్రరీ ఉండేది మాకు. ఏదైనా అక్కడే కూర్చుని చదవాలి, అక్కడే పెట్టి రావాలి.

ఆ ఏడు కొత్త ఇనుప బీరువా వచ్చింది... దాన్నిండా బొమ్మల పుస్తకాలు. పైగా ఇక నుంచి పుస్తకాలు ఇంటికి కూడా ఇస్తారట! మా పేర్లు రాసిన అట్టకార్డులు, వారం గడువు. అబ్బో... ఆ కార్డు పట్టుకుని పెంటంతా తిరిగాను.

సైకిల్ మీద వచ్చే లైబ్రరీ సారు మాత్రం వేలు చూపించి మరీ చెప్పాడు. "ఒక్క పుస్తకం వాపస్ రాకున్నా ఇంటికిచ్చుడు బంద్. ఒక్కరికి గాదు, అందరికీ."

నేను తీసుకున్నది ఫొటోల పుస్తకం. ఎప్పుడో పట్నం నుంచి వచ్చినవాళ్లు మా పెంటల్లో తీసిన ఫొటోలను అతికించి కట్టిన లావుపాటి పుస్తకం. అవ్వకు చూపిద్దామని తెచ్చాను. అదే నా కొంప ముంచింది.

తిప్పుతూ తిప్పుతూ ఒకచోట అవ్వ చెయ్యి ఆగిపోయింది. కొండ అంచు నుంచి తాడుకు వేలాడుతూ తేనె తీస్తున్న మనిషి... ముఖం పైకెత్తి చూస్తున్నాడు.

"మీ తాత బిడ్డా," అంది.

నేను పుట్టకముందే జ్వరంతో పోయాడు తాత. ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు. నేను ఆయన ముఖం చూడడం అదే మొదలు.

"కింద ఏం రాసిండ్రు?"

చదివాను. "తేనె తీస్తున్న చెంచు."

"పేరు?"

"లేదవ్వా."

"పేరు లేదా? మా మనిషి పేరులేనోడా?" అని పుస్తకం లాక్కుంది. పాత చీరముక్కలో చుట్టి, ఉట్టి మీది గంపలో పెట్టేసింది. ఇక ఇవ్వనంది. ఏడ్చాను, కాళ్లు పట్టుకున్నాను... ఊహూ.

అప్పట్నుంచి నా పని చూడాలి! వాన పడితే కప్పు కారుతుందేమోనని గుండె దడ. పొయ్యి రాజేస్తే పొగ పడుతుందని దడ. ఎలుక కదిలితే దడ. అవతల పిల్లలందరూ తమ పుస్తకాలు మార్చుకుంటూ సంబరంగా ఉన్నారు. నా ఒక్కదాని వల్ల బీరువాకు తాళం పడితే నాతో ఎవరు ఆడతారు?

గడువు నాడు సారు అడిగితే నోటికొచ్చింది చెప్పేశాను. "మా నాయిన చదువుతుండు సారూ!"

మా నాయినకు అక్షరం ముక్క రాదు. ఆ మనిషి అప్పటికి చెట్ల బంక ఏరి అమ్మడానికి అడవికి పోయి రెండు రోజులైంది.

సారు తెగ సంతోషపడిపోయాడు. "అవునా? అయితే మీ నాయినను జర కలవాలె."

మూడో రోజు నిజంగానే వచ్చాడు! నేను అమ్మ వెనక నక్కితే, నాయిన అడవికి పోయాడనీ పుస్తకం అవ్వ దాచిందనీ అమ్మే చెప్పేసింది. అవ్వ వెళ్లి సరిగ్గా ఉట్టి కింద కూర్చుంది.

"పుస్తకం ఇయ్యకుంటే పిల్లలందరికీ బంద్ అయితది అవ్వా."

"పేరు లేకుంట మా మనిషిని ఆ బీరువల వెడతరా? ఇయ్య."

 సారు జేబులోంచి పెన్ను తీశాడు. "తప్పు మాదే. పేరు చెప్పు, ఇప్పుడే రాస్త."

అక్కడ వచ్చింది చిక్కు. మొగుడి పేరు అవ్వ పలకదు. మామ పేరు మా అమ్మ పలకదు. ఆ పేరు ఇంట్లో ఎవరూ అనరు గనక నాకు తెలియనే తెలియదు. చెప్పగలిగిన నాయిన అడవిలో ఉన్నాడు.

"సలేశ్వరం గుండంకాడ ఉంటడు సూడు... ఆ దేవుని పేరే," అంది అవ్వ, తల వంచుకుని.

శివుడే గదా అని సారు చకచకా రాసి నాకు చూపించాడు. నేను గట్టిగా చదివాను. "ఈశ్వరయ్య."

"ఓయమ్మో! గట్ల గాదు!" అవ్వ లేచి నిలబడింది. అమ్మ వైపు చూసింది. అమ్మ ముఖం తిప్పుకుంది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది... తీసింది... మళ్లీ పెట్టుకుంది.

"లింగయ్య," అంది చివరికి.

పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు పలకడం అదే మొదటిసారట. పలికి, చెంపలు వేసుకుని, బోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అమ్మ కూడా.

సారు కొట్టేసి మళ్లీ రాశాడు. అవ్వ కళ్లు తుడుచుకుని, కొండ అంచున కనబడే చేతుల మీద వేలు పెట్టింది. "తాడు పట్టుకున్నోడు నా తమ్ముడు ఎల్లయ్య. వాని పేరు గూడ రాయ్." మాలో తేనెకు దిగితే తాడు బావమరిదే పట్టుకోవాలి. అక్క బతుకు ఆ తాడుకే ఉంటుంది గనక వాడైతే వదలడని నమ్మకం.

తర్వాత అవ్వే ఉట్టి దించి, పుస్తకం సారు చేతిలో పెట్టింది. బీరువాకు తాళం పడలేదు. ప్రతి వారం నేను అదే పుస్తకం తెచ్చేదాన్ని... అవ్వ కోసం.

ఇప్పుడు నా ఫోన్‌లో వేల ఫొటోలు ఉన్నాయి. తిన్న బిర్యానీది కూడా ఉంది. తాతకు పేరు రాయించిన మా అవ్వది మాత్రం ఒక్కటీ లేదు. ఎవరికీ తీయాలని తోచలేదు... నాకు కూడా.

అందుకే అడుగుతున్నాను. మీ అవ్వ పేరేంటి? ఫొటో లేకపోయినా ఫర్వాలేదు, కింద పేరు రాయండి.

మా అవ్వ పేరు ఈదమ్మ.