సీరియల్ అయిపోయేలోపు

మా అత్తయ్య చూసే సీరియల్ అయిపోబోతోందని నాకు చెప్పింది మా అత్తయ్య కాదు, చిక్కడపల్లిలో పూలమ్మే ఆవిడ. మూర కొలుస్తూ, "అమ్మా, మీ ఇంట్ల చూస్తరు గద, నెలాఖరుకు బందైతదంట" అంది, తెలిసినవాళ్లకు ఒంట్లో బాగాలేదని చెప్పే గొంతుతో. నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చి అత్తయ్యతో అంటే ఆవిడ నవ్వలేదు. పూలు అందుకుని "తెలుసు" అంది. అంటూనే హాల్లో ఉన్న కేన్ కుర్చీ వైపు చూసింది.

ఆ కుర్చీ పక్క ఫ్లాటు పిన్నిగారిది. కుర్చీ మాదే, సాయంత్రం పూట దాని మీద హక్కు ఆవిడది. కొన్ని వారాలుగా అందులో ఎవరూ కూర్చోవడం లేదు. ఖాళీగా కనపడకూడదని అత్తయ్య ఆరిన బట్టలు మడతపెట్టి అందులో పెడుతోంది. నేను బట్టలు తీసి బీరువాలో సర్దితే, మర్నాటికి మళ్లీ ఏవో తువ్వాళ్లు చేరేవి.

మాది లిఫ్టు లేని పాత అపార్టుమెంటు, రెండో అంతస్తు. అత్తయ్య కృష్ణా జిల్లా నుంచి కొత్తకోడలిగా ఈ పేటకొచ్చింది, ఇక కదల్లేదు. పిన్నిగారు నారాయణగూడలో పుట్టి చిక్కడపల్లిలో మెట్టిన మనిషి. "బస్సు ఎక్కేలోపే అత్తగారిల్లు వచ్చింది నాకు" అంటుంది. ఇద్దరికీ భర్తలు పోయారు. పిన్నిగారు అత్తయ్యను అక్కా అంటుంది, అత్తయ్య ఆవిడను వదినా అంటుంది. ఆ రెండు వరసలూ కలవవని ఒకసారి నేనంటే, "మాకు కలిసింది చాల్లే" అని ఇద్దరూ నా మీదకొచ్చారు. మోకాళ్ల నొప్పులొచ్చాక అత్తయ్య మెట్లు దిగడం మానేసింది. నేను కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఇంట్లో ఉన్నా పుస్తకంలో తల దూర్చి ఉంటాను. ఆవిడకు మాట్లాడే మనిషంటూ ఉంటే అది పిన్నిగారే.

ఇక ఆ సీరియల్. ఏళ్ల తరబడి జీడిపాకంలా సాగింది. పాయసంలో విషం కలిసింది, పోయిన మనిషి తిరిగొచ్చాడు, ఉన్న మనిషికి గతం గుర్తులేకుండా పోయింది. ఒక్క చెంపదెబ్బను ముగ్గురి మొహాల మీద మూడుసార్లు తిప్పి తిప్పి చూపించి ఆ పూటకు సరిపెట్టిన రోజులు నాకు తెలుసు. నేను వెక్కిరించేదాన్ని. "మీ పెద్దకోడలు ఇవాళైనా గుమ్మం దాటిందా?" అని కథానాయిక గురించి అడిగేదాన్ని. వాళ్లు జవాబు చెప్పేవాళ్లు కాదు. వాళ్ల పద్ధతులు వాళ్లకుండేవి. మొదటి ప్రకటనల్లో బియ్యం కడగాలి, రెండోసారి తాలింపు, మూడోసారి రేపేమవుతుందో వాదన. ఫోన్ మోగితే ఎత్తకూడదు. అన్నిటికంటే పెద్ద నియమం, ముందే చూడకూడదు. సాయంత్రం టీవీలో వచ్చేది పొద్దున్నే ఫోన్లో వచ్చేస్తుందని ఇద్దరికీ తెలుసు. అది దొడ్డిదారి అని ఇద్దరూ తీర్మానించుకున్నారు.

ఆ నియమమే కొంప ముంచింది. ఒకనాడు పిన్నిగారికి సాయంత్రం రాంనగర్‌లో పెళ్లి ఉంది. ఎలాగూ చూడడం కుదరదని పొద్దున ఫోన్లో చూసేసింది. తీరా చీకటి పడే వేళకు వాన దంచి కొట్టింది, పెళ్లికి వెళ్లలేదు. అలవాటు చొప్పున మా ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుంది. చూశానని చెప్పలేదు. తెరమీద తాతగారి పాత్ర నవ్వుతూ మెట్లు దిగుతోంది. ఇంకా ఏమీ కాలేదు. అప్పుడే పిన్నిగారి నోటి నుంచి "అయ్యో పాపం" అని వచ్చేసింది. ఆ తర్వాత తాతగారు పడ్డాడు.

అత్తయ్య టీవీ వదిలేసి పక్కకు తిరిగింది.

"నువ్వు ముందే చూశావు వదినా."

"పెండ్లికి పోతననుకొని చూసిన అక్కా. ఏమైతది దానికి?"

"చూస్తే చూశావు. చూడనట్టు నా పక్కన కూర్చున్నావు చూడు, అదీ. పెళ్లికూతుర్ని ముందే చూసొచ్చి పెళ్లిచూపుల్లో కళ్లు పెద్దవి చేసినట్టు."

"గింత దానికి గింత లొల్లా? నీ ఆస్తి ఏమన్న తీస్కపోయిన్నా నేను?"

"నా ఏడుపు నన్ను ఏడవనీయకుండా చేశావుగా!"

పిన్నిగారు లేచి వెళ్లిపోయింది. రెండ్రోజుల్లో సర్దుకుంటారనుకున్నాను. అత్తయ్య పట్టిన కుందేటికి మూడే కాళ్లు, పిన్నిగారిది అంతకు తక్కువ పంతం కాదు. మర్నాటి నుంచి పిన్నిగారు తన ఇంట్లోనే చూడడం మొదలుపెట్టింది. ఆవిడ హాలుకూ మా హాలుకూ మధ్య ఒకటే గోడ. మా టీవీ ఇంటర్నెట్ మీద నడుస్తుంది, ఆవిడది కేబుల్. అందుకని ఆవిడ ఇంట్లో మాట మా ఇంట్లో కంటే కాస్త ముందు వినిపిస్తుంది. ఇక్కడ చిన్నత్త పాత్ర నోరు తెరవకముందే గోడవతల తిట్టడం అయిపోయేది. అత్తయ్యకు పుండు మీద కారం చల్లినట్టయింది. "ఇంకా ముందే చూస్తోంది చూశావా" అనేది నాతో, పిన్నిగారే కేబుల్‌వాడికి చెప్పి చేయించినట్టు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సీరియల్ బాగుపడింది. ఇది నేను ఒప్పుకుని తీరాలి. ముగింపు ప్రకటించాక రచయిత మారాడో, ఉన్న రచయితకే విసుగు పుట్టిందో తెలియదు. ఉరుముల చప్పుడు పోయింది. మొహాలు తిప్పి తిప్పి చూపించడం పోయింది. మనుషులు మామూలుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఏళ్లుగా తాళం వేసి ఉన్న గది ఒకటుండేది, అందులో ఏముందని ఊరంతా పందాలు వేసుకుంది. పెద్దకోడలు ఆ గది తెరిస్తే పాత పరుపులు, విరిగిన ఉయ్యాల, ఇంత దుమ్ము. ఆవిడ ఆ ఉయ్యాల చెక్క తుడిచి దాని మీదే కాసేపు కూర్చుంది. ఒక్క మాట లేదు. చేతిలో పుస్తకం పక్కన పెట్టి నేను మొదటిసారి పూర్తిగా చూసిన భాగం అదే. ఆ కుటుంబం మీద అన్ని కుట్రలూ చేసిన చిన్నత్త ఆస్తంతా పోగొట్టుకుని సంచీతో తిరిగొచ్చింది. ఆమెను ఎవరూ క్షమించలేదు, ఎవరూ వెళ్లగొట్టలేదు. పెద్దకోడలు ఒక కంచం ఎక్కువ పెట్టింది, అంతే. 

అత్తయ్య వైపు చూస్తే ఆవిడ బట్టల కుర్చీ వైపు చూస్తోంది. ఇంత మంచి ఘట్టం వచ్చి, ఓ మాట అనడానికి పక్కన మనిషి లేకపోతే అది సగమే చూసినట్టు. ఇంకో రెండు వారాల్లో సీరియల్ ముగిసిపోతే, వీళ్లిద్దరూ కలవడానికి సాకే ఉండదని నాకు అప్పుడు భయమేసింది. ఈ వయసులో మాటలు తెగిపోతే మళ్లీ కలపడానికి ఎవరికి ఓపిక ఉంటుంది?

ఒకరోజు అశోక్‌నగర్‌లో కూరల బండి దగ్గర పిన్నిగారు కనపడింది. చుట్టూ ఉద్యోగ పరీక్షల కోచింగ్ పిల్లలు టీ తాగుతూ రాజ్యాంగం గురించి పోట్లాడుకుంటున్నారు. ఆవిడ బెండకాయ చివర విరిచి చూస్తూ, "అక్క మంచిగున్నదా బిడ్డా? మోకాళ్లకు నూనె పెడుతున్నదా?" అంది.

"పెడుతోంది పిన్నిగారూ. మీరొచ్చి అడగకూడదూ?"

"నేనెందుకొస్త? ఆమె పిలువాలె. నేనడిగిన్నని చెప్పకు."

చెప్పాను. అత్తయ్య వినిపించుకోనట్టు చేసి, కాసేపయ్యాక, "ఇంకేమంది?" అని అడిగింది.

ఆ తర్వాత గోడవతల చప్పుడు ఆగిపోయింది. సీరియల్ వేళకు అటునుంచి ఒక్క మాట లేదు. మొదటి రోజు అత్తయ్య "బతికించింది" అంది. మర్నాడు గోడ వైపు చెవి పెట్టి కూర్చుంది. ఆ పైరోజు ప్రకటనలు రాగానే లేచి గోడ దాకా నడిచింది. "చూడడం మానేసిందా? ఒంట్లో బాగాలేదా?" అని తనలో తనే అనుకుని, నా వైపు తిరిగి, "వెళ్లి ఇంత తోడు అడిగి రా" అంది. ఫ్రిజ్‌లో గిన్నె నిండా పెరుగుంది. పైగా దీపాలు పెట్టాక పాలు, పెరుగు గడప దాటకూడదని నాకు నేర్పింది ఆవిడే. నేను గిన్నె తీసుకుని వెళ్లాను.

పిన్నిగారింటి తలుపు ఓరగా వేసి ఉంది. ఆవిడ మాకూ తనకూ మధ్యనున్న గోడకు కుర్చీ ఆనించి, దానికి తల చేర్చి కూర్చుని ఉంది. ఎదురుగా టీవీలో పెద్దకోడలు ఏదో అంటోంది. చప్పుడు లేదు.

"మీ టీవీకి ఏమైంది పిన్నిగారూ?"

"ఏం కాలే. సౌండ్ నేనే తీసేసిన. నేను పెడితె అక్కకు ముందుగాల ఇనవడతది. మల్ల నేనే ముందు చెప్పినట్లయితది." గోడ మీద చెయ్యేసి చూపించింది. "బొమ్మ ఈడ చూస్త, మాట మీ ఇంట్లకెళ్లి ఇంట. ఏడుపు అయిపోయినంక మాట వస్తది. అలవాటయింది."

 గిన్నె చాచి, "అత్తయ్య తోడు అడగమంది" అన్నాను.

ఆవిడ గిన్నె వైపు చూసి నవ్వింది. "దీపం పెట్టినంక తోడు అడుగుతున్నదా అక్క?" అంది. తోడు ఇవ్వలేదు.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. అత్తయ్య రిమోట్ అందుకుని చప్పుడు పెంచింది. ఆ తర్వాతి రోజుల్లో పెంచుతూనే పోయింది. పై వాటా ఆయన వచ్చి, "మాకూ ఆ కథ అంతా అర్థమవుతోందండీ" అని మర్యాదగా మందలించి వెళ్లాడు. అత్తయ్య నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. "మరి పిలవొచ్చుగా అత్తయ్యా" అంటే, "నేనెందుకు పిలుస్తాను, రావాలంటే రాదూ?" అంది. ఇద్దరు మొండివాళ్ల మధ్య గోడే నయం, అది కనీసం మాట దాటనిస్తోంది.

చివరి రోజు వచ్చింది. అత్తయ్య పొద్దున్నే తలంటుకుంది. సాయంత్రం నేను తెచ్చిన పూలు పెట్టుకుంది. వంట ముందే ముగించి, టీవీ ముందు కూర్చుంది. పాట అయింది. పేర్లు అయ్యాయి. పెద్దకోడలు వరండాలోకి వచ్చి నోరు తెరిచింది. మాట వినపడలేదు.

"అత్తయ్యా, సౌండ్ పోయింది."

"పోలేదు. నేనే తీశాను."

"ఇన్నేళ్లు చూసి, చివరి రోజు..."

"ఊరుకో."

తెరమీద ఏదో జరిగిపోతోంది. ఎవరో ఎవరి చేతులో పట్టుకున్నారు. చిన్నత్త ఏదో చెప్పి తలొంచుకుంది. అంత గొప్ప ముగింపు మా కళ్లముందు మూగగా పోతోంది. అత్తయ్య దాన్ని చూడడం లేదు. ఆవిడ కళ్లు గుమ్మం మీదున్నాయి. వేళ్లు రిమోట్‌ను గట్టిగా పట్టుకున్నాయి. వస్తుందా రాదా అని నేనూ గుమ్మం వైపే చూశాను.

చెప్పుల చప్పుడు కాలేదు. ఒట్టి కాళ్లతో పరుగెత్తుకొచ్చినట్టుంది, తలుపు దబదబా బాదింది. తీయగానే నన్ను తోసుకుని లోపలికొచ్చింది. "ఏమైంది బిడ్డా? అక్కకు ఏమన్న అయిందా? మాట ఇనవడతలేదు!" మొహంలో నెత్తురు లేదు.

"నాకేం, దుక్కలా ఉన్నాను" అంది అత్తయ్య. కేన్ కుర్చీ వైపు చెయ్యి చూపించింది. "వినపడాలంటే ఇక్కడికొచ్చి కూర్చో వదినా."

పిన్నిగారు నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. "నా పానం పోయింది గద అక్కా. గా మాట అప్పుడే అంటె ఏం పోతుండె?" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. అత్తయ్య లేచి కుర్చీలోని తువ్వాళ్లన్నీ తీసి నా చేతుల్లో పడేసింది, నేనే అక్కడ పెట్టినట్టు. అప్పుడు చప్పుడు పెట్టింది.

సీరియల్ చివర్లో ఆ కుటుంబం ఇల్లు అమ్ముడుపోయింది. సామాన్లన్నీ వెళ్లాయి. పెద్దకోడలు వీధి తలుపుకు తాళం వేసి నాలుగడుగులు నడిచి, ఆగి, వెనక్కొచ్చి మళ్లీ తాళం తీసింది. ఏం రహస్యం బయటపడుతుందోనని నేను ముందుకు వంగాను. ఆవిడ ఖాళీ వంటింట్లోకి వెళ్లి, గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూసుకుని వచ్చింది. "రాసిందెవరో గానీ ఇల్లు నడిపిన మనిషి" అంది అత్తయ్య. పిన్నిగారు తలూపింది. బయట గేటు దగ్గర చిన్నత్త సంచీ పట్టుకుని, మేస్త్రీ పీకేస్తున్న ఇంటిపేరు పలక వైపు చూస్తూ నిలబడి ఉంది. పెద్దకోడలు ఆమె చేతిలో సంచీ తను అందుకుంది.

"అయ్యో పాపం" అన్నారు ఇద్దరూ, ఒకేసారి.

అత్తయ్య పక్కకు చూసింది. "ఒట్టు అక్కా, చూడలే" అంది పిన్నిగారు. "నేనడిగానా?" అంది అత్తయ్య. ఇద్దరి బుగ్గలూ తడిగా ఉన్నాయి. నావీ పొడిగా లేవు. మొదట్లో మూగగా పోయిన భాగం ఫోన్లో పెట్టి చూపిస్తానన్నాను. ఇద్దరూ నన్ను కసిరారు.

మర్నాడు ఆ వేళకు వచ్చేది కొత్త సీరియల్, ఎవరో తెలియని మనుషులు. నేను దీపం పెట్టడానికి వత్తి సర్దుతుంటే తలుపు తోసుకుని పిన్నిగారు వచ్చింది. చేతిలో చిన్న గిన్నె. "దీపం పెట్టకముందే తెచ్చిన అక్కా, తోడు" అంది. అత్తయ్య గిన్నె అందుకుని పక్కన పెట్టింది, కుర్చీ కొంచెం దగ్గరకు జరిపింది. ఆ సాయంత్రం మా ఇంట్లో టీవీ పెట్టమని ఎవరూ అడగలేదు.