ఎదురు బాల్కనీకి కట్టిన ఫ్లెక్సీ

నేను పగ తీర్చుకున్నది జీవితంలో ఒక్కసారే. అదీ కంప్యూటర్ ముందు కూర్చుని, మౌస్‌తో. అప్పట్లో గుంటూరులో నాకు చిన్న డిజైన్ షాపు ఉండేది. పెళ్ళికార్డులు, కారప్పొడి పాకెట్లు, కొత్తగా వచ్చిన ఫ్లెక్సీలు, అన్నీ చేసేదాన్ని.

మా అపార్ట్‌మెంట్‌కీ పక్కదానికీ మధ్య చేతులు చాస్తే అందేంత సందే ఉండేది. రెండో అంతస్తులో మా బాల్కనీ, వాళ్ళ బాల్కనీ ఎదురెదురు. అమ్మకు మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగడం మానేసింది. ఆమెకు ఊరంతా ఆ బాల్కనీయే. ఎదురింటావిడా తనూ కూరగిన్నెలు మార్చుకుంటూ, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళు. ఇద్దరూ పర్చూరు వైపు పల్లెల్లో పుట్టినవాళ్ళే. పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గరి కబుర్లు ఎన్నిసార్లు చెప్పుకున్నా తరిగేవి కావు.

ఆవిడ భర్తకు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ఒకరోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చేసరికి ఆవిడ బాల్కనీలో ఉంది, అన్నం ఇంకా పొయ్యి మీదే ఉంది. అంతే, మర్నాడు పొద్దున్నే బాల్కనీకి పైనుంచి కిందిదాకా పాత ఫ్లెక్సీ ఒకటి కట్టేశాడు. పాత ఫ్లెక్సీని ఎండకో వానకో కట్టుకోవడం మా ఊళ్ళో మామూలే. కానీ అది పత్తి విత్తనాల ప్రకటన, నేనే డిజైన్ చేసింది. తలకాయంతేసి విచ్చిన పత్తికాయలు, పక్కన నేను ఏరికోరి వేసిన పసుపు అక్షరాలు. సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి అమ్మ వాటి వంక చూస్తూ కూర్చుని ఉండేది. నాకు ఒళ్ళు మండిపోయేది. పోనీలేవే అనేది అమ్మ. నేను పోనివ్వదలుచుకోలేదు.

నాలుగు నెలలకు ఆయనే నా షాపుకొచ్చాడు. పేట నాయకుడి పుట్టినరోజుకు ఫ్లెక్సీ కావాలట. అలాంటి ఫ్లెక్సీలో నాయకుడి బొమ్మను ఎవరూ పట్టించుకోరు. అసలు సంగతంతా కింద వరసలో శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ తలకాయల్లో ఉంటుంది. ఎవరిది ముందు, ఎవరిది పెద్ద అన్నదాని మీద చుట్టరికాలు తెగిపోయిన సందర్భాలు చూశాను. ఆయన నా వెనకే నిలబడి, తన బొమ్మ మొదట ఉండాలనీ, తోడల్లుడిది తనకంటే తగ్గాలనీ దగ్గరుండి సర్దించుకున్నాడు. బాగుందమ్మాయ్, ప్రింటుకిచ్చెయ్యి అని వెళ్ళిపోయాడు.

ఆయన మెట్లు దిగగానే తోడల్లుణ్ణి పెంచాను. ఆయన్ని వరస చివరికి జరిపి, పోస్టు స్టాంపంత చేసి, సగం భుజం తోడల్లుడి వెనక్కి నెట్టాను. మొహం కాస్త పాలిపోయినట్టు కూడా చేశాను. అది అవసరం లేదు, కానీ మనసాగలేదు.

మర్నాడు సెంటర్లో కట్టారు. జనం కిందనుంచి వేలుపెట్టి చూపించుకుని నవ్వుకుంటుంటే, టీ కొట్టు దగ్గర నిలబడి కళ్ళారా చూశాను. తన బొమ్మ చిన్నదైందని నలుగురిలో ఏ మగాడు చెప్పుకుంటాడు? ఆయన నా షాపు వైపు రానేలేదు. తోడల్లుడు మాత్రం వచ్చి కొత్త ఆర్డరు ఇచ్చి వెళ్ళాడు.

మూడోరోజు పొద్దున వాళ్ళింటికి తాపీమేస్త్రీ వచ్చాడు. ఫ్లెక్సీ విప్పేస్తుంటే గెలిచాననుకుని షాపుకెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి ఆ చోట పైకప్పుదాకా ఇటుక గోడ లేచి ఉంది.

ఎలాగూ నాలుగు నెలలుగా మీకు మాటల్లేవు, గోడైతే మాత్రం ఏమైంది, ఆయన పరువైతే పోయిందిగా అన్నాను అమ్మతో. జరిగిందంతా గొప్పగా చెప్పుకొచ్చాను. అమ్మ నవ్వలేదు.

"మాటల్లేకపోవడమేంటే? ఆయన యార్డుకెళ్ళగానే ఆవిడ ఫ్లెక్సీకి ఆ మూల తాడు విప్పేది. రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. నీకు తెలిస్తే ఊరుకోవని చెప్పలేదు."