అన్నకు నేను చేసిన పరీక్ష

ఈమధ్య ఆళ్ళగడ్డ నుంచి మా మేనకోడలు, అన్న కూతురు, ఫోన్ చేసి, మా వంశంలో నడుస్తున్న కిడ్నీల జబ్బు మీద పరిశోధన చేసే డాక్టర్లు ఇంటిల్లిపాదినీ పొద్దుటి మొదటి మూత్రం అడుగుతున్నారనీ, కిడ్నీలు పాడుకాకముందే అందులో కనిపించే ప్రోటీన్లను బట్టి జబ్బు ఎవరిలో మొదలైందో కనిపెట్టాలని చూస్తున్నారనీ చెప్పి, "అత్తా, ఇస్తే బయటపడుతుంది. ఇయ్యకపోతే భయం పోదు. ఏం జేయమంటావ్?" అని అడిగింది. ఇమ్మన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం లేచి వంటింట్లోకి పోవడానికి కూడా ఓపిక లేకపోయింది.

మా నాయన ఆళ్ళగడ్డలో బడిపంతులు. చివరి రోజుల్లో పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి, సాయంత్రానికి కాళ్ళకు చెప్పులు పట్టక, బడికి వట్టి కాళ్ళతో పోయేవాడు. ఆయన తండ్రి, మా జేజినాయన కూడా అట్లాగే పోయినా, అది రక్తంలో దిగివచ్చే జబ్బని ఎవరికీ తోచలేదు; బోరునీళ్ళే కారణమని అందరూ అనడంతో మా అమ్మ దూరపు బావి నుంచి నీళ్ళు మోసుకొచ్చి ఆయన ఒక్కడికీ వేరే బిందెలో పెట్టేది. బిందెలో నీళ్ళు ఉండగానే ఆయన పోయాడు.

తరువాత నేను లాబు పని నేర్చుకుని నంద్యాలలో ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. ఇప్పటివాళ్ళు నమ్మరు గానీ, మా కాలంలో పరీక్షంటే టెస్ట్ ట్యూబులో మూత్రం పోసి, స్పిరిటు దీపం మీద కాచి, ఆసిడ్ చుక్క వేసి చూడటమే. తేటగా ఉంటే మంచిది, విరిగిన పాలలా తెల్లబడితే ప్రోటీను పోతున్నట్టు. అది ఏ జబ్బో, ఎన్నాళ్ళ నుంచో ఆ తెలుపు చెప్పేది కాదు.

మా అన్న సేద్యం చేసేవాడు. ఒకసారి విత్తనాలకని వచ్చి, నన్ను చూసిపోదామని లాబులోకి వచ్చి చెప్పులు విప్పితే, పాదాల మీద వార్ల అచ్చులు లోతుగా పడి ఉన్నాయి. పరీక్ష చేయించుకుంటేగానీ పోనివ్వనని పట్టుబట్టాను. నవ్వుకుంటూనే సూదిమందు ఖాళీ సీసాలో పట్టి తెచ్చాడు. కాచగానే తెల్లబడింది. సీసా సరిగా కడగలేదేమోనని ఇంకొకటి వేడినీళ్ళతో కడిగి ఇచ్చాను. మళ్ళీ అంతే. అన్న నా మొహం చూసి, "నాయనదేనా?" అన్నాడు. తలూపాను.

మాత్రలతో, చప్పిడి తిండితో కొన్నేళ్ళు గడిచాయి. ఆపైన డయాలిసిస్ కావాల్సి వచ్చింది. అప్పట్లో దానికి కర్నూలు పోవాల్సిందే కనుక, ఆళ్ళగడ్డ నుంచి అన్నా వదినా వచ్చే బస్సులో నంద్యాలలో నేనూ ఎక్కేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు ఆయన కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంటే, సూదులు గుచ్చిన చెయ్యి కుదుపులకు కదలకుండా వదిన ఒళ్ళో పెట్టుకునేది. ఒకనాడు నేను నంద్యాలలో దిగబోతుంటే, "ఇంక తిరగలేను పాపా. ఇంటికాడే ఉంటా," అన్నాడు. ఎంత బతిమాలినా, వదిన ఎంత ఏడ్చినా మళ్ళీ బస్సెక్కలేదు. ఎక్కువ కాలం ఉండలేదు.

మేనకోడలు మూత్రం ఇచ్చాక డాక్టర్లు స్కాన్ కూడా తీశారు. జబ్బు ఆమెలోనూ ఉందట. అయితే కిడ్నీలు ఇంకా బాగానే పనిచేస్తున్నాయనీ, ఇప్పటి నుంచే మందులు వాడి జాగ్రత్తపడితే చాలాకాలం నెట్టుకురావచ్చనీ చెప్పారట. నాకు ఆ సంగతి చెప్పి, మరునాడు మామూలుగా పనికి పోయింది. నేనే రెండు రోజులు సరిగా తినలేదు.

ఆ పిల్లకు మా అన్నకు దొరకని ఏళ్ళు దొరుకుతాయి. సంతోషమే. కానీ ఆమె వయసులో మా అన్న సాయంత్రాలు హైస్కూలు మైదానంలో వాలీబాల్ ఆడి, ఒళ్ళంతా చెమటతో వచ్చి, చెంబెడు మజ్జిగలో ఇంత ఉప్పు కలుపుకుని నిలబడే తాగేసేవాడు. అట్లా ఏమీ తెలియకుండా తాగే మజ్జిగ ఇక మా ఇంట్లో ఎవరికీ లేదు.