మల్లెగాడి పలుపు

సింగపూరు సెంగ్‌కాంగ్‌లో రామన్న అంటే ఎవరికీ తెలియదు గానీ, రోజూ పొద్దున్నే స్తంభం దగ్గర నిలబడి నేలకేసి చూసే ముసలాయన అంటే ఆ బ్లాకుల్లో పిల్లా పెద్దా అందరికీ తెలుసు. అది రెండువేల సంవత్సరం. చిన్న రైలు కోసం స్తంభాలు ఇంకా లేపుతూనే ఉన్నారు. కొత్త ఫ్లాట్ల నిండా కంప్యూటర్ ఉద్యోగాల కోసం గుంటూరు నుంచీ, ఒంగోలు నుంచీ, హైదరాబాదు నుంచీ దిగిన కుర్రకారే. వాళ్ల లెక్కలో ఈ ఊరు పుట్టి మూడేళ్లు. రామన్న లెక్క వేరు. ఒకప్పుడు ఆ స్తంభం లేచిన చోట ఆయన ఆబోతు పాక ఉండేది; అందుకే ఈ బ్లాకులు లేవగానే ఫ్లాటు మార్చుకుని ఇక్కడికే వచ్చాడు. కుడితి తొట్టి ఇదిగో ఇక్కడ. ఆవుల్ని దాటించే గుంజలు అదిగో, ఆ సైకిళ్లు పెట్టే చోట. ఎవరైనా ఆగి అడిగితే ఇవన్నీ చెబుదామని ఆయనకి మహా ఆశ. ఎవరూ ఆగరు. అంత తీరిక ఉన్నవాళ్లకి అలాంటి ఉద్యోగాలు ఎవరిస్తారు?

"అచ్చోసిన ఆంబోతులా పొద్దున్నే ఎక్కడ తిరిగొస్తావయ్యా?" అని సూరమ్మ రోజూ అడిగేది. పెళ్లయి నలభై ఏళ్లు దాటినా, అది తిట్టో మురిపెమో ఆయనకి తేలనే లేదు.

రామన్న తండ్రిది ఒంగోలు పక్కన ఓ పల్లె. తెల్లదొరల కాలంలో జావాకి ఒంగోలు గిత్తల్ని ఓడలో తీసుకెళ్తుంటే, వాటి మేతా నీళ్లూ చూసుకోవడానికి వెంట బయల్దేరాడు. ఓడ సింగపూరు రేవు చేరేసరికి ఒక గిత్తకి కాలు వాచి నిలబడలేకపోయింది. కుంటి గొడ్డు మాకెందుకని కొన్నవాళ్లు దాన్ని రేవులోనే దింపేశారు. దాన్నలా వదిలేసి మళ్లీ ఓడెక్కడానికి ఆయనకి మనసొప్పలేదు. గిత్తతో పాటు తనూ దిగిపోయాడు. "గిత్త కాలు నెల్లో బాగైంది. మా నాయన కాలు మాత్రం ఇక కదల్లేదు" అని రామన్న నవ్వేవాడు.

ఆ రోజుల్లో పుంగోల్ రోడ్డు పొడుగునా రబ్బరు తోటలూ, కొబ్బరి తోటలూ, కూరమళ్లూ, పాలవాళ్ల పాకలూ ఉండేవి. సరుకంతా ఎడ్లబండ్ల మీదే పోవాలి. అక్కడి బక్కచిక్కిన ఎడ్లు వానాకాలం బురదలో మోకాళ్ల మీద పడిపోయేవి. ఎత్తైన మూపురం, నేలకి జీరాడే గంగడోలు ఉన్న ఈ తెల్లగిత్తని చూడగానే బండివాళ్ల కళ్లు మెరిశాయి. ఎదకొచ్చిన ఆవుల్ని తోలుకుని సెరంగూన్ నుంచీ, సెలెటార్ నుంచీ నడిచొచ్చేవాళ్లు. దాని దూడలు పెరిగి కాడి కిందికి వచ్చాక మొత్తం జిల్లాలో బండి చక్రం దిగబడిన మాట తగ్గింది. తెల్ల పశువుల డాక్టరు ఏడాదికోసారి వచ్చి, గిత్త పళ్లు చూసి, ఒళ్లంతా తడిమి, విత్తనానికి పనికొస్తుందని కాగితం రాసిచ్చేవాడు. రామన్న తండ్రి ఆ కాగితం మడిచి చూరులో దోపేసేవాడు. ఆయన నమ్మకం కాగితం మీద కాదు, మూపురం వెనక ఉండే వెంట్రుకల సుడి మీద. ఆ సుడి ఉన్న కోడెదూడనే తరవాతి ఆబోతుగా ఉంచేవాడు.

ఆబోతుని నిలపడం అంటే గుంజకి కట్టి గడ్డి వేయడం అనుకుంటారు తెలియనివాళ్లు. రోజూ రెండు మైళ్లు నడిపించాలి. ఉలవలు ఉడకబెట్టి పెట్టాలి. ఒక ఆవుని దాటించిన మర్నాడు ఎంత పెద్ద మనిషి వచ్చి బతిమాలినా ససేమిరా అనాలి. మెడకి కట్టే పలుపు మరీ బిగిస్తే బెదురుతుంది, మరీ వదిలితే నిన్నే కుమ్ముతుంది. ఈ విద్యంతా రామన్నకి తండ్రి మాటల్లో నేర్పలేదు, పలుపు చేతికిచ్చి వెనక నడిచాడంతే.

దాటుకి పైసా పుచ్చుకోకూడదని ఆ ఇంటి కట్టడి. ఆవు ఈనాక మొదటి రోజు పాలు మాత్రం ఒక చెంబుడు ఆబోతు ఇంటికి పంపాలి. అలా సూరమ్మ కాపరానికొచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో జున్నుకి కొదవ లేదు. మలాకా బెల్లం కరిగించి, మిరియాలు దంచి వేసి, ఆవిరి మీద పెట్టేది. "ఇంకా ఎంత తింటావయ్యా" అంటూనే గిన్నె అడుగు కూడా గీకి పెట్టేది.

బండ్లు పోయాయి, లారీలొచ్చాయి. పాలవాళ్ల కోసం ఆబోతు మాత్రం మిగిలింది. ఎనభై నాలుగులో ఆ భూమి ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. మనుషులకి ఫ్లాటు ఇస్తామన్నారు. ఆబోతుకి ఏమిస్తారని రామన్న ఆఫీసులో అడిగితే అక్కడి గుమాస్తా నవ్వాపుకోలేకపోయాడు.

అప్పటి ఆబోతు ఐదో తరంది, మల్లెగాడు. మూడేళ్లవాడు. మల్లెపూవంటి తెలుపు, మూపురం వెనక ఇంత సుడి. మలేషియా జొహోర్‌లో పాలపాక పెట్టుకున్న సాంబమూర్తి వచ్చి తనకిమ్మన్నాడు. అక్కడ పామాయిల్ తోటల్లో గెలలు లాగే ఎడ్లకి గిరాకీ ఎక్కువ. పొగరున్న గిత్తని సాకే కన్నా విత్తులు కొట్టించి కాడికి కట్టడం తేలిక. అందుకే రామన్న ఒక్కటే అడిగాడు. "వీడిని ఎద్దుని చెయ్యనని మాటివ్వు." సాంబమూర్తి మల్లెగాడి మూపురం మీద చెయ్యి వేసి మాటిచ్చాడు.

గొడ్డుని ఇచ్చేటప్పుడు పలుపు ఇవ్వకూడదు. తీసుకునేవాడు తన పలుపు తెచ్చుకోవాలి, ఇచ్చేవాడి పలుపు ఇంటికి రావాలి. అది పోతే ఆ కొట్టంలో ఇక గొడ్డు నిలవదని అంటారు. సాంబమూర్తి కొత్త పలుపు తెచ్చాడు గానీ మల్లెగాడు దాన్ని దగ్గరికే రానివ్వలేదు. చివరికి రామన్న పాత పలుపుతోనే లారీ ఎక్కించి, కట్టి, కిందికి దిగాడు. దిగి కళ్లు తుడుచుకునేసరికి లారీ కదిలింది. పలుపు విప్పుకోవాలన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. "నువ్వు చూడ్డానికొచ్చిన రోజు ఇస్తాలే!" అని సాంబమూర్తి పైనుంచి కేకేశాడు.

రామన్న వెళ్లలేదు. ఆ ఏడు వెళ్లలేదు, మరుసటేడు వెళ్లలేదు. వంతెన దాటితే జొహోర్, పూటలో వెళ్లి రావచ్చు. వెళ్తే మల్లెగాడు వట్టి ఎద్దయి, మెడ మీద కాడి పుండుతో కనిపిస్తాడేమో. వెళ్లకపోతే ఎప్పటికీ ఆబోతే. ఇంత పిరికితనాన్ని ఆయన పదహారేళ్లు ఏదో ఒక సాకుతో నెట్టుకొచ్చాడు.

పక్క ఫ్లాట్‌లో అరుణశ్రీ అద్దెకుండేది. ఒంగోలు పిల్ల, బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని, కడుపుతో ఉంది, ఐదో నెల. మొగుడు ఉపేంద్ర ప్రాజెక్టు మీద సిడ్నీలో ఉన్నాడు. ఓ ఆదివారం సూరమ్మ పెట్టిన పులుసన్నం రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసింది.

"ఆంటీ, నవ్వకండి. జున్ను తినాలనుంది. ముస్తఫా కొట్లో అడిగా, చీజ్ చూపించాడు. ఇక్కడ జున్నుపాలు ఎక్కడా దొరకవా?"

సూరమ్మ మొగుడి వైపు తిరిగింది. "విన్నావా? కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగింది. మీ నాయన బతికుంటే ఈపాటికి చెంబు పట్టుకుని రోడ్డెక్కేవాడు. నీకు భయమైతే చెప్పు, ఈ మోకాళ్లేసుకుని నేనే పోతాను జొహోర్‌కి."

"భయమేంటి? నాకేం భయం?" అన్నాడు రామన్న. ఆ మాట అనేశాక ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

మరుసటి ఆదివారం అరుణశ్రీని వెంటబెట్టుకుని, మూడు బస్సులు మారి, ఒక టాక్సీ ఎక్కి వెళ్లాడు. దారిపొడుగునా పాముల్లా పామాయిల్ లారీలు. ఎక్కడైనా ఎద్దు కనిపిస్తుందేమోనని అద్దంలోంచి చూడ్డం, కనిపించబోతే తల తిప్పుకోవడం.

"అంకుల్, మీకు చెమటలు పడుతున్నాయి. ఏసీ పెంచమని చెప్పనా?"

"వద్దు తల్లీ, ఇది ఏసీతో పోయేది కాదు."

పాక ముందు ఒకావిడ గడ్డి కోస్తోంది. సాంబమూర్తి భార్య సరోజిని. రామన్నని చూసి కొడవలి కింద పెట్టి లేచింది. సాంబమూర్తి పోయి ఐదేళ్లయిందట. రామన్న కళ్లు పాకలో మల్లెగాడిని వెతుకుతున్నాయి. ఆవిడే చెప్పింది.

"వాడు పోయి రెండేళ్లయింది అన్నయ్యా. మేత వేద్దామని పొద్దున పోతే లేవలేదు. పసుపూ కుంకుమా పెట్టి ఆ కొబ్బరిచెట్టు కింద పాతించాను."

"కాడి కట్టారా, అమ్మా?"

"ఆయన మాటిచ్చాడు కదా! ఒక్క రోజు మెడ మీద కాడి పడలేదు. ఇదిగో, ఈ పాకలో ముప్పై గొడ్లుంటే సగం వాడి పిల్లలే."

రామన్నకి ఊపిరి తిరిగింది. పదహారేళ్ల బరువు దిగినట్టయింది. నవ్వబోయాడు కూడా. సరోజిని మాట ఇంకా అయిపోలేదు.

"ఒకటే బాధ పెట్టాడు. లారీ చప్పుడైతే చాలు, మేత వదిలేసి గేటు వైపు చూసేవాడు. తవుడు లారీ వచ్చినా అంతే, చెవులు నిక్కబొడుచుకుని. పోయే దాకా మానలేదు. 'వచ్చే లారీలో రామన్న వస్తాడులేరా' అని ఆయన ఉన్నన్నాళ్లూ వాడి వీపు నిమిరేవాడు."

రామన్న గడ్డిమోపు మీద కూలబడ్డాడు. పద్నాలుగేళ్లు. తను ఫ్లాటు కింద స్తంభం దగ్గర నిలబడి వెతుక్కున్నవాడు, వంతెన అవతల గేటు వైపు చూస్తూ ఉన్నాడు. ఎద్దయిపోయాడేమో అన్న అనుమానంతో ఆబోతుని పోగొట్టుకున్నాడు. అరుణశ్రీ ఎదురుగా ఉందన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. ఆ పిల్ల ఆయన భుజం పట్టుకుని నిలబడింది.

ముప్పై గొడ్లున్న పాకలో ఎప్పుడూ ఏదో ఒకటి ఈనుతూనే ఉంటుంది. ముందురోజే ఒక ఆవు ఈనింది. సరోజిని జున్ను వండి ఇద్దరి ముందూ పెట్టింది.

"ప్రతి ఈతకీ మీ ఇంటి చెంబు విడిగా తీశాం అన్నయ్యా. మీరు రారు. సాయంత్రం దాకా చూసి వాడి కుడితిలోనే కలిపేసేవాళ్లం. వాడి ఇంటి వాటా వాడికే."

అరుణశ్రీ రెండు గిన్నెలు తింది. రామన్న ఒక ముక్క తిని, మిగతాది సూరమ్మకని టిఫిన్ క్యారేజీలో పెట్టించాడు.

బయల్దేరబోతుంటే సరోజిని మేకుకున్న పలుపు తెచ్చి చేతిలో పెట్టింది. నూనె రాసి, చుట్టగా చుట్టి ఉంచింది. ఆయన దాన్ని పట్టుకుని పాక చివరికి నడిచాడు. అక్కడ రెండేళ్ల కోడెగిత్త నైలాన్ తాడుతో కట్టి ఉంది. మల్లెగాడి ఆఖరి కొడుకు. మూపురం వెనక చెయ్యి పెట్టి తడిమాడు. సుడి ఉంది. నైలాన్ తాడు విప్పేసి పలుపు వాడి మెడకి కట్టాడు. చేతులకి ముడి గుర్తుంది.

"అయ్యో అన్నయ్యా, అది మీ కొట్టానికి పోవాలి కదా!"

"మాది ఏడో అంతస్తమ్మా. వీడిని మాత్రం ఎద్దుని చెయ్యొద్దు."

ఇంటికొచ్చేసరికి సూరమ్మ గుమ్మంలోనే ఉంది. టిఫిన్ క్యారేజీ అందుకుని మూత తీసి వాసన చూసింది. తరవాత ఆయన చేతులకేసి చూసింది.

"పలుపేదయ్యా?"

మల్లెగాడి సంగతీ, గేటు సంగతీ, కోడెగిత్త సంగతీ అంతా చెప్పాడు. సూరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూనే ఒంటికాలి మీద లేచింది. "పదహారేళ్లకి చేతికొచ్చిన పలుపుని మళ్లీ అక్కడే కట్టేసి వచ్చావా? నీకేమన్నా మతి ఉందా?"

"నువ్వూ వచ్చే ఆదివారం బయల్దేరు. మోకాళ్లకి టాక్సీ మాట్లాడతాను" అన్నాడు రామన్న, గుమ్మంలో చెప్పులు విప్పుతూ. "వాడి మెడకి నా చేత్తో పలుపు కట్టి వచ్చానే. వారం వారం కనిపించకపోతే వాడూ గేటు వైపు చూడ్డం మొదలుపెడతాడు."